మెమోలో బుధవారం రాత్రి, తీసుకెళ్లింది మంగళవారం సాయంత్రం: ఒక అరెస్టు కేస్ స్టడీ

ఒక మనిషిని పోలీసులు ఏ రోజు, ఎన్ని గంటలకు తీసుకెళ్లారు? ఈ కేసు మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక జిల్లా కేంద్రంలో, 2025 మధ్యలో జరిగింది. క్లయింట్ అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను, చట్టానికి సంబంధించినవి మార్చలేదు. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు కొత్తవి వాడుతున్నాను. అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే నోటీసును స్టేషన్లలోనూ జనంలోనూ ఇప్పటికీ "41ఏ నోటీసు" అనే అంటారు. అది ఇప్పుడు సెక్షన్ 35(3).

క్లయింట్ వయసు ముప్పై దాటింది. ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసులో అకౌంట్లు చూసేవాడు. వసూళ్లలో కొన్ని లక్షలు తేడా వచ్చిందని యజమాని మంగళవారం మధ్యాహ్నం స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు. అదే రోజు సాయంత్రం ఏడున్నరకు నలుగురు ఇంటికి వచ్చారు. అందులో ఒక్కరే యూనిఫాంలో ఉన్నారు. "ఏం లేదమ్మా, సార్ మాట్లాడతారంట, గంటలో పంపించేస్తాం" అని తల్లికి చెప్పారు. బీరువా తెరిపించారు. ల్యాప్‌టాప్, ఫోను, రెండు పుస్తకాలు, తల్లి గాజులు, గొలుసు తీసుకున్నారు. కాగితం ఒక్కటీ ఇవ్వలేదు. కొడుకును జీపులో ఎక్కించుకుని వెళ్లిపోయారు.

తల్లి నాకు ఫోన్ చేసేసరికి ఎనిమిది అయింది. ముందు 112కి ఫోన్ చేసి, కొడుకును ఎవరో తీసుకెళ్లారని, ఎక్కడికో తెలియదని చెప్పమన్నాను. ఆమె భయపడింది. "పోలీసుల మీద పోలీసులకే చెప్తే వాడిని ఇంకా కొడతారేమో బాబూ" అంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా ఆ ఫోన్ చేయించడం వెనుక కారణం ఒకటే. 112కి వచ్చిన ప్రతి కాల్‌కీ టైము నమోదవుతుంది, దాన్ని స్టేషన్‌లో ఎవరూ మార్చలేరు. ఆమె చేసింది. టైము 8 గంటల 5 నిమిషాలు. తర్వాత కోర్టులో మేం పెట్టిన మొదటి కాగితం అదే.

ఆ రాత్రి నేను స్టేషన్‌కు వెళ్తే ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. సెక్షన్ 37 ప్రకారం ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్ఐ స్థాయికి తగ్గని ఒక అధికారి అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, ఏ నేరమో రాసి ఉంచాలి, అందరికీ కనపడేలా ప్రదర్శించాలి. బోర్డు ఉంది, దాని మీద పేరు లేదు. అరెస్టు చేయలేదు కాబట్టి పేరు రాయలేదు, పేరు లేదు కాబట్టి మనిషి లేడు. వాళ్ల లెక్క అంతే. బయటికి వచ్చి జిల్లా ఎస్పీ ఆఫీసుకు, స్టేషన్ అధికారిక మెయిల్‌కు ఒకే ఉత్తరం పంపాను. ఎవర్ని, ఎన్ని గంటలకు, ఏ వాహనంలో, ఎవరి ముందు తీసుకెళ్లారో నాలుగు వాక్యాలు. విమర్శలు, సెక్షన్ల జాబితా ఏమీ లేవు. రాత్రిపూట పంపే ఉత్తరంలో వాదన అక్కర్లేదు, టైము ఉంటే చాలు.

క్లయింట్ తమ్ముడు స్టేషన్ ముందు గొడవకు దిగబోతే ఆపాను. పోలీసు తప్పు చేస్తున్నా సరే, అక్కడ ఒక చెయ్యి తగిలిందంటే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 132 కింద ఇంకో కేసు పుడుతుంది. అన్న కోసం తిరగాల్సినవాడు తన బెయిల్ కోసం తిరగాల్సి వస్తుంది. చాలా కుటుంబాల్లో ఇలా జరగడం చూశాను, అందుకే ఈ మాట గట్టిగా చెబుతాను.

పోలీసులకు ఉన్న అధికారం

లాయర్లం హక్కుల గురించే మాట్లాడి వదిలేస్తే చదివేవాళ్లకు నష్టం. పోలీసులకు పెద్ద అధికారాలే ఉన్నాయి. కాగ్నిజబుల్ నేరం అయితే వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. అరెస్టును అడ్డుకుంటే అవసరమైనంత బలం వాడొచ్చు. అరెస్టు చేశాక మనిషిని సోదా చేసి దొరికిన వస్తువులు తీసుకోవచ్చు, దానికి రసీదు ఇవ్వాలి. మహిళను మహిళే సోదా చేయాలి. దర్యాప్తులో ఉన్న అధికారి వారంట్ కోసం ఆగితే సాక్ష్యం చేజారుతుందనుకుంటే సెక్షన్ 185 కింద ఇంట్లో సోదా కూడా చేయొచ్చు. "వారంట్ చూపించండి, లేకపోతే లోపలికి రావద్దు" అన్న మాట సినిమాల్లో బాగుంటుంది, మన దగ్గర ప్రతిసారీ చెల్లదు. తలుపు తీయండి, అడ్డుపడకండి, కళ్లు మాత్రం తెరిచి ఉంచండి అని నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెబుతాను.

అయితే అరెస్టు చేయగలగడం వేరు, అరెస్టు అవసరం కావడం వేరు. సుప్రీంకోర్టు 1994లో జోగిందర్ కుమార్ కేసులో ఈ మాట చెప్పింది. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు దాన్ని ఇంకా బిగించింది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. అరెస్టు చేస్తే ఎందుకు తప్పలేదో కారణాలు రాయాలి, ఆ కారణాలను మేజిస్ట్రేట్ పరిశీలించాలి. మా కేసులో పెట్టింది న్యాయ సంహిత సెక్షన్ 316(4), ఉద్యోగి చేసిన నమ్మకద్రోహం. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. అంటే ఆ మంగళవారం సాయంత్రం జీపు రావాల్సిన పని లేదు. ఒక నోటీసు చాలు.

నోటీసు గురించి ఒక మాట. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో స్పష్టం చేసింది. చేతికి అందిన నోటీసును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చెప్పిన రోజుకు వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణం అవుతుంది.

బుధవారం

బుధవారం ఉదయం నుంచి స్టేషన్ మాట మారింది. "ఉన్నాడు, విచారణ చేస్తున్నాం, ప్రిలిమినరీ ఎంక్వయిరీ" అన్నారు. ఎఫ్ఐఆర్ అడిగితే ఇంకా కట్టలేదన్నారు. కొత్త చట్టంలో సెక్షన్ 173(3) అనే ఏర్పాటు ఉంది. డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ చేసి ఎఫ్ఐఆర్ కట్టాలా వద్దా తేల్చుకోవచ్చు. దాన్ని సాకుగా చూపించి మనిషిని కూర్చోబెట్టారు. ఆ సెక్షన్‌ను నెమ్మదిగా చదివితే రెండు సంగతులు కనపడతాయి. మూడేళ్లు, అంతకు మించి, ఏడేళ్ల కంటే తక్కువ శిక్ష ఉన్న నేరాలకే అది వర్తిస్తుంది. ఏడేళ్ల దాకా శిక్ష పడే 316(4) అందులోకి రాదు. రెండోది ఇంకా ముఖ్యం. వర్తించినా సరే, విచారణ చేయమంది గానీ మనిషిని రాత్రంతా ఆపమని ఎక్కడా లేదు. ఎఫ్ఐఆర్ లేని చోట ఉంటే సాక్షిగానో, పిలిస్తే వచ్చినవాడిగానో ఉండాలి. అలాంటివాడు లేచి ఇంటికి వెళ్తానంటే వెళ్లనివ్వాలి. వెళ్లనివ్వకపోతే అది నిర్బంధమే, దానికి కాగితం మీద పేరు పెట్టినా పెట్టకపోయినా.

నేను లోపలికి వెళ్లి మాట్లాడతానంటే ఒప్పుకోలేదు. సెక్షన్ 38 విచారణ సమయంలో తనకు నచ్చిన లాయరును కలిసే హక్కు ఇస్తుంది, విచారణ మొత్తం పక్కన కూర్చోబెట్టుకునే హక్కు ఇవ్వదు. ఆ సెక్షన్ అరెస్టయినవాళ్లకు కదా అన్నారు. అరెస్టు కాకపోతే పంపించండి అన్నాను. జవాబు లేదు.

మధ్యాహ్నం క్లయింట్ భార్యను కూడా స్టేషన్‌కు రమ్మని ఫోన్ వచ్చింది. సెక్షన్ 179 ప్రకారం మహిళను సాక్షిగా విచారించాలంటే ఆమె ఉంటున్న చోటికే వెళ్లాలి, స్టేషన్‌కు రప్పించకూడదు. ఆమె వెళ్లలేదు. "ఇంటి దగ్గర ఎప్పుడైనా చెప్తాను సార్" అని మెసేజ్ పెట్టమన్నాను. నోటిమాటగా కాదనడం కంటే ఆ మెసేజ్ మేలు, ఎందుకంటే సహకరించలేదని తర్వాత రాయడానికి వీలుండదు.

హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే ఆదేశం కోసం హైకోర్టుకు వెళ్లడమా, ఇక్కడే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లడమా అని అప్పుడు ఆలోచించాం. మన జిల్లా కోర్టుల్లో ఒక మార్గం ఉంది, దాన్ని కొత్త లాయర్లు తక్కువగా వాడుతున్నారని నాకు బాధ. పాత సీఆర్‌పీసీ సెక్షన్ 97, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 100. ఎవరినైనా అక్రమంగా నిర్బంధించారని నమ్మడానికి కారణం కనిపిస్తే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ సెర్చ్ వారంట్ ఇవ్వొచ్చు. దాన్ని అమలు చేయడానికి ఒక అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున వెళ్లే లాయరును నియమించి నేరుగా స్టేషన్‌కు పంపడం మన దగ్గర ఉన్న పద్ధతి. తల్లి అఫిడవిట్, 112 కాల్ వివరం, నా మెయిల్ కాపీ పెట్టి బుధవారం సాయంత్రం పిటిషన్ వేశాం. మేజిస్ట్రేట్ గారు అదే సాయంత్రం వారంట్ ఇచ్చారు.

కమిషనర్ స్టేషన్‌లోకి అడుగుపెట్టింది రాత్రి 8.40కి. క్లయింట్ రైటర్ గదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీని కమిషనర్ అడిగి చూశారు. మంగళవారం, బుధవారం పేజీల్లో ఇతని గురించి ఒక్క వాక్యం లేదు. చూసిన టైము రాసి, పేజీ నంబర్లు రాసి, క్లయింట్ సంతకం తీసుకున్నారు. సెక్షన్ ప్రకారం మనిషిని వెంటనే మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లాలి. అప్పుడు ఎస్ఐ గారు "ఇతను క్రైమ్‌లో నిందితుడు, అరెస్టు చేస్తున్నాం, రేపు రిమాండ్‌కు పెడతాం" అన్నారు. ఆ మాట కూడా కమిషనర్ రిపోర్టులోకి ఎక్కింది.

పోలీసు వెబ్‌సైట్ నుంచి ఎఫ్ఐఆర్ తర్వాత డౌన్‌లోడ్ చేసుకున్నాం. సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కదా. అందులో రిజిస్టర్ చేసిన టైము బుధవారం రాత్రి 9.15. కమిషనర్ లోపల ఉండగా కట్టిన ఎఫ్ఐఆర్ అది. అరెస్టు ఎప్పుడు చేశారో పోలీసులు రాసే అరెస్టు మెమోలో రాత్రి 10 గంటలు.

సోదా కాగితాలు

సోదా విషయం ఇంకా ఇబ్బందికరం. మధ్యవర్తుల రిపోర్టు, అంటే పంచనామా ప్రకారం బుధవారం రాత్రి 10.30కి ఇద్దరు వీఆర్వోల సమక్షంలో నిందితుడి ఇంట్లో ఫోను, ల్యాప్‌టాప్, పుస్తకాలు స్వాధీనం చేసుకున్నారు. తల్లి నగల ఊసే లేదు. ఆ రాత్రి ఆ ఇంటికి ఎవరూ రాలేదు. ఎదురింటి సీసీ కెమెరాలో మంగళవారం సాయంత్రం జీపు కనపడుతోంది, బుధవారం రాత్రి వీధి ఖాళీగా ఉంది. ఆ ఫుటేజీని గురువారం పొద్దున్నే కాపీ చేయించాను. ప్రైవేటు కెమెరాల్లో చాలావాటికి కొద్ది రోజుల్లోనే పాతది చెరిగిపోతుంది, ఆలస్యం చేస్తే ఇక దొరకదు.

సోదా ఎలా జరగాలో చట్టం వివరంగానే చెప్పింది. సోదాకు ముందే ఏ వస్తువు కోసం, ఎందుకు వారంట్ లేకుండా వెళ్తున్నారో అధికారి రాయాలి. ఆ ప్రాంతంలోని ఇద్దరు స్వతంత్ర వ్యక్తులు ఉండాలి. ఇంటివాళ్లను దగ్గరుండి చూడనివ్వాలి. జాబితా రాసి కాపీ ఇవ్వాలి. కొత్త చట్టంలో సెక్షన్ 105 అన్నిటికంటే మంచి మార్పు అని నా అభిప్రాయం. సోదా, స్వాధీనం, జాబితా రాయడం, సాక్షుల సంతకాలు మొత్తం ఆడియో వీడియో రికార్డు చేయాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. సెక్షన్ 185 కింద రాసిన కాగితాలు 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కు చేరాలి, ఇంటి యజమాని అడిగితే ఉచితంగా కాపీ ఇవ్వాలి. మేం కోర్టులో అడిగింది ఒకటే, ఆ వీడియో. అది లేదు. జరగని సోదాకు వీడియో ఎలా ఉంటుంది?

ఇక్కడ క్లయింట్లకు నచ్చని నిజం ఒకటి చెప్పాలి. సోదా పద్ధతి తప్పినంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యంగా పనికిరాకుండా పోదు. 1973 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిన పూరణ్ మల్ కేసు నుంచి మన చట్టం ఇదే. ల్యాప్‌టాప్‌లో తప్పుడు లెక్కలు నిజంగా ఉంటే అవి విచారణలో రావచ్చు. పద్ధతి తప్పడం వల్ల ఆ సాక్ష్యం బరువు తగ్గుతుంది, దాన్ని తారుమారు చేశారన్న వాదనకు చోటు దొరుకుతుంది. మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 50 లాంటి కఠిన నిబంధనల సంగతి వేరు, అక్కడ పద్ధతి తప్పితే కేసే పోవచ్చు.

గురువారం మధ్యాహ్నం నగలు తీసుకెళ్లమని తల్లికి కబురు వచ్చింది. ఆమెకు నగలు చేతికొస్తే చాలనిపించింది. "వెళ్లండమ్మా, తీసుకోండి. కానీ ఎప్పుడు తీసుకెళ్లినవి ఎప్పుడు ఇస్తున్నారో రాసిన కాగితం లేకుండా తీసుకోవద్దు" అన్నాను. కాగితం ఇవ్వడం కుదరదన్నారు. చివరికి కోర్టు ద్వారానే వెనక్కి తెచ్చుకున్నాం. ఆమెకు కొన్ని వారాలు ఎదురుచూపు మిగిలింది గానీ, మంగళవారం సోదా జరిగిందన్న సంగతి రికార్డులోకి వచ్చింది.

రిమాండ్ విచారణ

గురువారం సాయంత్రం నాలుగింటికి హాజరుపరిచారు. ప్రాసిక్యూషన్ లెక్క: అరెస్టు రాత్రి 10కి, ఇప్పుడు 4, పద్దెనిమిది గంటలే అయింది. మా లెక్క: మంగళవారం ఏడున్నర నుంచి నలభై నాలుగున్నర గంటలు. రాజ్యాంగం ఆర్టికల్ 22(2), బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 58 రెండూ ప్రయాణ సమయం తీసేసి 24 గంటలే ఇస్తాయి. గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నదే తగాదా. మనిషి స్వేచ్ఛ ఆగిన క్షణం నుంచే అని తెలంగాణ హైకోర్టు 2024లో చెప్పింది. 2025 జనవరిలో ఈడీ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు కూడా 24 గంటలు దాటిన నిర్బంధంతో అరెస్టే చెడిపోతుందని చెప్పి బెయిల్‌ను నిలబెట్టింది. ఈ రెండూ చదివి వినిపించాం.

రెండో వాదన అరెస్టు కారణాల మీద. క్లయింట్‌కు ఇచ్చిన మెమోలో "పై కేసులో నిందితుడైనందున అరెస్టు చేయడమైనది" అన్న అచ్చు వాక్యం ఒక్కటే ఉంది. ఏ లావాదేవీ, ఎంత మొత్తం, ఇతని పాత్ర ఏమిటి, ఏదీ లేదు. ప్రబీర్ పుర్కాయస్థ కేసులో 2024 మే 15న సుప్రీంకోర్టు, ఎవరికైనా అతికే సాధారణ కారణాలు వేరు, ఆ వ్యక్తికే చెందిన అరెస్టు ఆధారాలు వేరు అని విడదీసింది. విహాన్ కుమార్ కేసులో 2025 ఫిబ్రవరి 7న, ఆధారాలు తెలియజేశామని రుజువు చేసే భారం పోలీసులదే అని, రిమాండ్ చేసేటప్పుడు అది చూడటం మేజిస్ట్రేట్ బాధ్యత అని చెప్పింది. మా కేసు తర్వాత, 2025 నవంబరు 6న మిహిర్ రాజేష్ షా తీర్పు ఇంకో అడుగు వేసింది. ఏ నేరమైనా సరే ఆధారాలు రాతపూర్వకంగా, నిందితుడికి అర్థమయ్యే భాషలో, రిమాండ్‌కు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలి. తెలుగు తప్ప మరో భాష రాని మనిషికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టించే అలవాటు దీంతోనైనా ఆగాలి.

మెమో మీద సాక్షి సంతకం కూడా చూడండి. కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని గౌరవనీయ వ్యక్తో ఉండాలని సెక్షన్ 36 అంటోంది. 1996లో డీకే బసు తీర్పు నుంచి ఉన్న నియమం ఇది. మా మెమోలో సాక్షిగా స్టేషన్ హోంగార్డు ఉన్నాడు.

మేజిస్ట్రేట్ గారు "కొట్టారా?" అని అడిగితే క్లయింట్ లేదన్నాడు. కానిస్టేబుల్ భుజం తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. పోలీసులను బయటికి పంపి మళ్లీ అడగమని కోరాను. పంపారు. అప్పుడు చెప్పాడు, ఎడమ చెవి మీద కొట్టారని, ఫోన్ పాస్‌వర్డ్ కోసమని, రెండు తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకున్నారని. సెక్షన్ 53 కింద డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో "గాయాలు లేవు" అని ఉంది. మళ్లీ పరీక్షకు పంపితే చెవి దగ్గర వాపు నమోదైంది. ఈ చిన్న సంగతి మీద ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే రిమాండ్ సమయంలో ఆ ప్రశ్న చాలాసార్లు పోలీసుల ముందే పడుతుంది, జవాబు కూడా వాళ్ల కోసమే వస్తుంది. లాయరు నోరు తెరిచి అడగాలి. కుటుంబం లాయరును పెట్టుకోలేకపోతే కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు.

ఆ తెల్ల కాగితాలు చివరికి ఒప్పుకోలు వాంగ్మూలంగా వచ్చాయి. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 23 ప్రకారం, దాని వల్ల ఏదైనా వస్తువు బయటపడితే అంతవరకే చెల్లుతుంది. పోలీసులు రాసుకున్న సాక్షి వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పని కూడా లేదు. తప్పించుకోలేక సంతకం పెడితే కింద తేదీ, టైము రాయమని చెబుతాను. ఖాళీ కాగితం అయితే సంతకాన్ని పేజీకి పైన, అంచుకు ఆనించి పెట్టాలి.

మేజిస్ట్రేట్ గారు రిమాండ్ తిరస్కరించారు. సొంత పూచీకత్తు మీద విడుదల చేసి, విచారణ కావాలంటే 35(3) నోటీసు ఇచ్చుకోమన్నారు. స్టేషన్ సీసీ ఫుటేజీ భద్రపరచమని ఆదేశించారు. నోటీసు వచ్చింది. క్లయింట్ చెప్పిన తేదీలకు వెళ్తున్నాడు, లెక్కల పుస్తకాలు ఇస్తున్నాడు. డబ్బు నిజంగా తీశాడా లేదా అన్నది ఇంకా తేలలేదు, ఆ ప్రశ్నకు ఈ రాతలో జవాబు వెతకొద్దు. 44 గంటలు అక్రమంగా ఉంచడానికి ఆ జవాబుతో పని లేదు.

ఫుటేజీ విషయంలో హార్డ్ డిస్క్ పాడైందని స్టేషన్ రాసింది. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని, కెమెరాలు పనిచేసేలా చూసే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసరుదేనని ఆదేశించింది. డిస్క్ పాడైతే ఎప్పుడు పాడైంది, ఎవరికి రిపోర్టు చేశారు, ఆ రిపోర్టు ఏది అని అడుగుతూ నష్టపరిహారం కోసం హైకోర్టులో రిట్ వేశాం. చట్టం తప్పి చేసిన అరెస్టుకు 2016లో రిని జోహర్ కేసులో సుప్రీంకోర్టు ఒక్కొక్కరికి 5 లక్షలు ఇప్పించింది, దాన్నే ఆధారం చేసుకున్నాం. ప్రభుత్వం దానికి కౌంటర్, అంటే జవాబు ఇంకా వేయలేదు.